విడిపోకుండా ఉండిపోయిన బిషప్పు గారు

గత డిసెంబర్లో మా అన్నయ్య నాకు ఒక డెడ్‌లైన్ పెట్టాడు. సెమిస్టర్ డెడ్‌లైన్ కాదు, బాప్తిస్మం డెడ్‌లైన్.

అన్నయ్యది రాయదుర్గంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రెండేళ్లుగా కొండాపూర్ వైపు ఒక ఫంక్షన్ హాల్లో జరిగే ఆరాధనకి వెళ్తున్నాడు. చంటిపిల్లలప్పుడు నెత్తిమీద నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మాన్ని అక్కడ లెక్కలోకి తీసుకోరు. పెద్దయ్యాక, తెలిసి, నమ్మి, నీళ్లలో మునిగి తీసుకోవాలి. అన్నయ్య తీసుకున్నాడు. కొత్త సంవత్సరం లోపు నన్ను కూడా తేల్చుకోమన్నాడు. నేనేమో సీఎస్ఐలో, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియాలో, మూడు నెలల వయసులో నానమ్మ ఒళ్లో ఉండగా బాప్తిస్మం పొందినదాన్ని.

అసలు చిక్కు ఏంటంటే, అన్నయ్య వాదన నాకు కరెక్టే అనిపించింది. నమ్మకం ముందు, నీళ్లు తర్వాత అనే వరుస నాకూ సబబుగానే ఉంది. మరి ఒప్పుకోని విషయం ఉన్నచోట ఎందుకు ఉండాలి? వెళ్లిపోవచ్చు కదా? నానమ్మ బాధపడుతుంది అన్నది నిజమే, కానీ అది జవాబు కాదు. ఆ జవాబు వెతుక్కుంటూ ఒక మనిషి జీవితం చదివాను. ఆయన పేరు వేదనాయగం శామ్యూల్ అజరయ్య. డోర్నకల్ బిషప్. నానమ్మ వాళ్ల ఊళ్లో పాతతరం వాళ్లు ఇప్పటికీ బిషప్పు గారు అంటే ఆయనే అనుకుంటారు. ఆయన గురించి నాకు అర్థమైనంత వరకు చెప్తా. ఇంగ్లీష్ మీడియం తెలుగు కాబట్టి తప్పులుంటే సర్దుకోండి.

క్రిస్టియన్లు కాని ఫ్రెండ్స్ కోసం కొంచెం బ్యాక్‌గ్రౌండ్. మా పెద్దవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు అడిగేది, మీది ఏ మిషన్ అని. గుంటూరు వైపు అయితే లూథరన్. ఒంగోలు, నెల్లూరు అయితే అమెరికన్ బాప్టిస్టు. కాకినాడ వైపు కెనడియన్ బాప్టిస్టు. బందరు, ఏలూరు అయితే ఇంగ్లాండ్ వాళ్ల ఆంగ్లికన్. మెదక్ అయితే మెథడిస్టు. వచ్చిన మిషనరీలు ఒకరి మీద ఒకరు పడకుండా జిల్లాలు పంచుకున్నారు. అంటే మన ముత్తాత ఏ జిల్లాలో పుట్టాడో దాన్ని బట్టి మన సిద్ధాంతం ఖాయమైపోయింది. ఎంసెట్‌లో వెబ్ ఆప్షన్స్ కూడా పెట్టకుండా సీటు అలాట్ అయినట్టు. యూరప్‌లో ఎప్పుడో జరిగిన గొడవలు, అక్కడ విడిపోయిన చర్చిలు, వాటితో ఏ సంబంధమూ లేని మాలపల్లెల్లోకి, మాదిగపల్లెల్లోకి అలాగే దిగుమతి అయ్యాయి. ఈ విషయం అజరయ్య గారిని జీవితాంతం కుదురుగా ఉండనివ్వలేదు.

ఆయన తెలుగువాడు కాదు. 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే పల్లెటూళ్లో పుట్టారు. నాడార్ కుటుంబం. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. చదువుకున్నది మాత్రం స్కాట్లాండ్ ప్రెస్బిటేరియన్లు నడిపే మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో. జబ్బు చేసి ఫైనల్ పరీక్ష రాయలేకపోయారు, డిగ్రీ చేతికి రాలేదు. బ్యాక్‌లాగ్స్ ఉన్న ఫ్రెండ్స్ ఇక్కడ కాస్త ఊపిరి పీల్చుకోండి: 1920లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ ఆయన్ని పిలిచి గౌరవ డాక్టరేట్ ఇచ్చింది.

ఇరవై ఏళ్లు దాటగానే వైఎంసీఏలో చేరారు. దక్షిణాది అంతా తిరిగారు. అన్ని మిషన్ల కుర్రాళ్లతో కలిసి తిన్నారు, కలిసి ప్రార్థన చేశారు. అమెరికా నుంచి వచ్చిన షేర్వుడ్ ఎడ్డీ ఆయనకి ప్రాణస్నేహితుడు. ఎడ్డీ ఆంగ్లికన్ కాదు. 1902లో శ్రీలంకలోని జాఫ్నా వెళ్లినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు సొంత డబ్బుతో సువార్త పని చేసుకోవడం చూసి అజరయ్య గారికి సిగ్గేసింది. తిరిగొచ్చి 1903లో తిరునెల్వేలిలో ఇండియన్ మిషనరీ సొసైటీ మొదలుపెట్టారు. 1905 డిసెంబర్ 25న బెంగాల్‌లోని సేరంపూర్‌లో కె.టి. పాల్ లాంటి వాళ్లతో కలిసి నేషనల్ మిషనరీ సొసైటీ పెట్టారు. మనుషులు మనవాళ్లు, డబ్బు మనది, నడిపేది మనం. దీని రూల్స్‌లో నాకు బాగా నచ్చింది ఒకటుంది: ఈ సొసైటీ ఎక్కడ పని చేసినా కొత్త డినామినేషన్ పెట్టకూడదు. ఉన్నవి చాలు అన్నమాట.

ఇప్పుడు అసలు సమస్య. ఆదివారం ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం పంచుకునే భాగాన్ని మేం ప్రభువు బల్ల అంటాం. ఒకే బల్ల దగ్గర తినడం అంటే మనం ఒక్క కుటుంబం అని ఒప్పుకోవడం. కానీ ఆనాటి ఆంగ్లికన్ పద్ధతి ప్రకారం ఆ బల్లకి బిషప్పు ఉండాలి. యేసు శిష్యుల దగ్గర్నుంచి చేతి మీద చెయ్యిగా వచ్చిందని చెప్పే వరుస, ఆ వరుసలోని బిషప్పు అభిషేకించిన గురువు, ఆయన ఇచ్చే రొట్టె. మిగతా మిషన్ల పాదిరి ఇచ్చేది పుచ్చుకోకూడదు. అంటే అజరయ్య గారు వారమంతా ఎవరితో కలిసి పని చేశారో, ఆదివారం వాళ్ల చేతి రొట్టె తినకూడదు. కులం పేరుతో పక్క మనిషితో కూర్చుని తినని దేశంలో, కులం తప్పు అని చెప్పే చర్చి కూడా వేరు పంక్తి పెట్టింది.

ఈ రూల్ వెనకున్న వాదనని ఆయన ఒప్పుకోలేదు. బిషప్పులు లేని చర్చి అసలు చర్చే కాదు అనే మాట ఆయనకి మింగుడు పడలేదు. ఆ చర్చిల్లో దేవుడి పని కళ్లారా చూసిన మనిషి మరి. అలా అని ఆంగ్లికన్ చర్చి వదల్లేదు. వదిలితే అడ్డం ఏం ఉంది? 1908లోనే ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి సౌత్ ఇండియా యునైటెడ్ చర్చ్ ఏర్పరుచుకున్నారు. స్నేహితులు అటే ఉన్నారు, తలుపు తెరిచే ఉంది. ఆయన మాత్రం 1909లో ఆంగ్లికన్ గురువుగా అభిషేకం పొంది డోర్నకల్ వచ్చారు. నిజాం రాజ్యంలో తన తిరునెల్వేలి సొసైటీ పని ఎంచుకున్న చోటు అది. తమిళాయన కూర్చుని తెలుగు నేర్చుకున్నారు.

మరుసటి ఏడు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. అక్కడ నిలబడి, మీరు మాకోసం ఆస్తులు అర్పించారు, ప్రాణాలు అర్పించారు, కానీ మాతో స్నేహం మాత్రం చేయడం లేదు అనే అర్థంలో తెల్లవాళ్ల ముఖం మీదే చెప్పారు. సభలో చాలామందికి కోపం వచ్చింది. గమనించండి, ఇదంతా లోపల ఉండి చెప్పిన మాట. ఉండిపోవడం అంటే నోరు మూసుకోవడం అని నేను అనుకునేదాన్ని. ఆయన విషయంలో అది పూర్తిగా తప్పు.

ఈ కథలో సీఎస్ఈ వాళ్లకి ఒక ఈస్టర్ ఎగ్ ఉంది. అజరయ్య గారిని బిషప్పుగా చేయాలని పట్టుబట్టింది మద్రాస్ బిషప్ హెన్రీ వైట్‌హెడ్. ఈయన తమ్ముడే ఆల్‌ఫ్రెడ్ నార్త్ వైట్‌హెడ్. బెర్ట్రండ్ రస్సెల్‌తో కలిసి ప్రిన్సిపియా మేథమేటికా రాసినాయన. దాని మొదటి వాల్యూమ్ వచ్చింది కూడా 1910లోనే. బిషప్ గారి కొడుకు, 1904లో మద్రాసులో పుట్టిన జె.హెచ్.సి. వైట్‌హెడ్, తర్వాత పెద్ద టోపాలజీ గణితవేత్త అయ్యాడు. తమ్ముడు లాజిక్‌కి పునాదులు వేస్తుంటే అన్న ఇక్కడ చర్చి రాజకీయాలతో కుస్తీ పడుతున్నాడు. ఎవరి పని కష్టమో చెప్పలేం.

కుస్తీ అని ఊరికే అనలేదు. ఒక భారతీయుడి కింద పనిచేయాలి అనేసరికి కొంతమంది మిషనరీలకి నచ్చలేదు. తిరునెల్వేలి వాళ్లలో కూడా వ్యతిరేకించినవాళ్లు ఉన్నారు. అయినా 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో అజరయ్య గారు బిషప్పు అయ్యారు. ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్. వయసు 38.

డోర్నకల్ అధ్యక్షఖండం మొదట్లో చాలా చిన్నది. తర్వాత కృష్ణా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు కూడా కలిశాయి. ఆయన ఎడ్లబండి కట్టుకుని ఊరూరూ తిరిగారు. బాప్తిస్మం పొందిన ప్రతి మనిషీ తన చెయ్యి తన తల మీద పెట్టుకుని, ఈ సువార్త ఇంకొకరికి చెప్తానని మాట ఇవ్వాలి, అది ఆయన పెట్టిన పద్ధతి. చదువు రాని కూలీ మనిషి కూడా ఆ రోజు నుంచి బాధ్యత ఉన్న మనిషే. మాల, మాదిగ కుటుంబాలు వేల సంఖ్యలో వచ్చాయి. 1940లు వచ్చేసరికి ఆయన పరిధిలో రెండు లక్షలకు పైగా క్రైస్తవులు. ఈ మార్పిడుల మీదే 1930ల్లో గాంధీ గారితో ఆయనకి గట్టి తేడా వచ్చింది. కానీ అదే కాలంలో బ్రిటిష్ ప్రభుత్వం క్రైస్తవులకి వేరే ఓటరు జాబితా, వేరే సీట్లు ఇస్తానంటే వ్యతిరేకించినవాళ్లలో ఆయనా ఉన్నారు. దేశంలోనూ అంతే, చర్చిలోనూ అంతే. తేడాలు ఉండొచ్చు, దాని కోసం గోడ కట్టుకోవడం ఆయనకి ఇష్టం లేదు.

డిసెంబర్ సెలవుల్లో నేను, నానమ్మ సికింద్రాబాద్‌లో రైలెక్కి డోర్నకల్ వెళ్లాం. ఆయన కట్టించిన ఎపిఫనీ కెథడ్రల్ చూశాను. 1939 జనవరిలో ప్రతిష్ఠ అయింది. మెదక్ చర్చి చూసినవాళ్లు ఇంగ్లాండ్ చర్చిలా కోసుగా ఉంటుందని ఊహించుకుని వెళ్తారు. ఇది అలా ఉండదు. మసీదు గుర్తొచ్చే గుమ్మటాలు, గుడి మండపం గుర్తొచ్చే రాతి స్తంభాలు, మధ్యలో సిలువ. మా నానమ్మ చర్చిని ఎప్పుడూ గుడి అనే అంటుంది. చిన్నప్పుడు నేను నవ్వేదాన్ని. అక్కడ నిలబడ్డాక నవ్వు రాలేదు.

ఇక ఆయన పెద్ద పని. 1919 మే నెలలో తరంగంబాడిలో 33 మంది చర్చి సేవకులు కలిశారు. 1706లో మొదటి ప్రొటెస్టెంట్ మిషనరీలు ఓడ దిగిన ఊరు అది. ఎడ్డీ, ఇంకొకాయన తప్ప అందరూ భారతీయులే. మనవి కాని గొడవలతో మనం ఎందుకు విడిపోయి ఉండాలి, ఈ దేశంలో మనమే ఇంతమంది కొద్దిమంది, కలవాలి అని ఒక ప్రకటన చేశారు. అజరయ్య గారు అందులో ముందున్నారు. ఆ మరుసటి ఏడాది నుంచి ఆంగ్లికన్లకి, సౌత్ ఇండియా యునైటెడ్ చర్చికి మధ్య చర్చలు. 1925లో మెథడిస్టులు కూడా వచ్చి కూర్చున్నారు.

మన భాషలో చెప్పాలంటే, కోడ్ నచ్చకపోతే ఫోర్క్ చేసుకుని వెళ్లిపోవడం ఐదు నిమిషాల పని. మెర్జ్ చేయడమే నరకం. ఈ మెర్జ్‌లో అతిపెద్ద కాన్‌ఫ్లిక్ట్ బిషప్పు. ఆంగ్లికన్లు బిషప్పు లేకుండా కుదరదన్నారు. కాంగ్రిగేషనలిస్టులు ప్రతి సంఘం తన కాళ్ల మీద తాను నిలబడుతుంది, పైన ఇంకొకరు ఎందుకు అన్నారు. చివరికి తేలింది ఏంటంటే: బిషప్పులు ఉంటారు, కానీ రాజ్యాంగానికి లోబడి, ఎన్నికతో ఉంటారు. బిషప్పు ఎందుకు అవసరం అనే దానిపై ఏ ఒక్క సిద్ధాంతాన్నీ ఎవరూ నమ్మి తీరాల్సిన పని లేదు. పాత పాదిరులకి మళ్లీ అభిషేకం అక్కర్లేదు. ఇష్టం లేని సంఘం మీద ఇష్టం లేని గురువుని రుద్దరు. మామూలు మెర్జ్‌లో ఒక లైన్ ఉంచి ఇంకోటి కొట్టేస్తాం. వీళ్లు రెండు లైన్లూ ఉంచి ప్రోగ్రామ్ నడిచేలా చూశారు. అందుకే దశాబ్దాలు పట్టింది.

ఈలోపు రెండు వైపుల నుంచీ దెబ్బలు. ఇంగ్లాండ్‌లో కొందరు ఆంగ్లికన్లు ఇది చర్చిని పాడు చేయడమే అన్నారు. మన లిటరరీ క్లబ్ వాళ్లకి తెలిసిన పేరు చెప్తా: టి.ఎస్. ఎలియట్. ఆయన 1943లో ఈ సౌత్ ఇండియా స్కీమ్‌కి వ్యతిరేకంగా ఏకంగా ఒక చిన్న పుస్తకమే రాశాడు. ఇటు మన దగ్గర బాప్టిస్టులు, లూథరన్లు ఆ కలయికలోకి రాలేదు. వాళ్ల కారణాలు వాళ్లకున్నాయి. బాప్టిస్టుల కారణాల్లో ఒకటి మా అన్నయ్య చెప్పేదే: చంటిపిల్లల బాప్తిస్మం. అది చదివినప్పుడు ఒక్క నిమిషం ఆగిపోయాను. మా డైనింగ్ టేబుల్ గొడవ మాది మాత్రమే కాదన్నమాట.

1927లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో ప్రపంచ చర్చిల సభ జరిగింది. పశ్చిమ దేశాల్లో విభజన మీకు అలవాటైపోయి ఉండొచ్చు, మా దగ్గర మాత్రం అది పాపం, పదిమందిలో తలవంపు అన్నట్టుగా మాట్లాడారు అజరయ్య గారు. అంటే ఆయన ఎక్కడికెళ్లినా ఆంగ్లికన్ బిషప్పుగానే వెళ్లారు, ఆంగ్లికన్లకి రుచించని మాటే చెప్పారు.

1945 జనవరి 1న డోర్నకల్‌లో చనిపోయారు. 70 ఏళ్లు. ఆయన పోయిన కొద్ది వారాలకే ఆంగ్లికన్ల జనరల్ కౌన్సిల్ ఆ స్కీమ్‌ని ఆమోదించింది. 1947 సెప్టెంబర్ 27న మద్రాస్ సెయింట్ జార్జ్ కెథడ్రల్‌లో సీఎస్ఐ పుట్టింది. దేశం రెండు ముక్కలైన ఆరు వారాలకి, సుమారు పది లక్షల మంది ఒక్కటయ్యారు. బిషప్పులున్న చర్చి, లేని చర్చిలతో అలా కలవడం ప్రపంచంలో అదే మొదటిసారి అంటారు. 28 ఏళ్ల క్రితం తరంగంబాడిలో కూర్చున్న ఆయన ఆ బల్ల దగ్గర లేరు. పైగా ఆయన సొంత అధ్యక్షఖండంలోనే నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది ఆ కొత్త చర్చిలో చేరలేదు. 1970ల దాకా విడిగానే ఉన్నారు. సినిమా అయితే ఈ భాగం కట్ చేసేవాళ్లు. నాకు మాత్రం ఇది ఉండాలనిపించింది. ఉండిపోవడం వల్ల అన్నీ సర్దుకుంటాయని ఎవరూ గ్యారంటీ ఇవ్వలేదు.

ఇదంతా చదివి నేను ఏం తేల్చుకున్నాను? బాప్తిస్మం గురించి నా అభిప్రాయం మారలేదు. అన్నయ్యదే కరెక్ట్ అని ఇప్పటికీ అనుకుంటున్నాను. కానీ ఒక చర్చిలో ఉండటానికి, దాని ప్రతి రూల్‌నీ ఒప్పుకోవడానికి మధ్య తేడా ఉందని అజరయ్య గారి జీవితం చూపించింది. వెళ్లిపోయినవాళ్లు తప్పు అనడం లేదు. మనసుకి అబద్ధం చెప్పుకుంటూ ఉండాల్సి వస్తే వెళ్లిపోవడమే నయం. ఆయన అబద్ధం చెప్పుకోలేదు, ఎక్కడ ఒప్పుకోలేదో అక్కడ పైకే చెప్పారు. ఉంటే ఇలా ఉండాలి అనిపించింది.

అందుకే జనవరి మొదటి ఆదివారం మా అయ్యగారి దగ్గరికి వెళ్లి నాకు ఒప్పని విషయం ఉన్నదున్నట్టు చెప్పాను. కాళ్లు వణికాయి. ఆయన తిట్టలేదు, ఒప్పుకోనూ లేదు. యూత్ మీటింగ్‌లో దాని గురించి మాట్లాడమన్నారు. అన్నయ్యకి కూడా చెప్పాను, నేను రావడం లేదని. వాడు రెండు వారాలు సరిగ్గా మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతున్నాడు, కానీ ఆ టాపిక్ వస్తే ఇద్దరం ఫోన్ చూసుకుంటాం.

ప్రతి ఆదివారం నానమ్మ, నేను హైటెక్ సిటీ స్టేషన్‌లో మెట్రో ఎక్కి సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగుతాం. అన్నయ్య మమ్మల్ని బైక్ మీద ఒకరి తర్వాత ఒకరిని స్టేషన్ దగ్గర దింపి కొండాపూర్ వెళ్తాడు. మేం వేరే వేరే బల్లల దగ్గర రొట్టె తింటాం. మధ్యాహ్నం ఇంటికొచ్చాక నానమ్మ వండిన చికెన్ కూర మాత్రం ఒకే బల్ల మీద తింటాం. ప్రస్తుతానికి ఇంతవరకే వచ్చాం.